గ్రూపులో వాదిస్తే ఉగ్రవాద కేసు పెడతారా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కరీంనగర్. మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ ఫైనలియర్. పోయిన నెల కాలేజీ వాట్సాప్ గ్రూపులో కశ్మీర్‌లో బైసరన్ దగ్గర జరిగిన పహల్గాం ఉగ్రదాడి మీద పెద్ద వాదన జరిగింది. "బైసరన్‌లో ఒక్క జవాను కూడా ఎందుకు లేడు? ప్రభుత్వం జవాబు చెప్పక్కర్లేదా? కరాచీ పోర్టు పేలిపోయిందని రాత్రంతా ఊదరగొట్టిన చానెళ్లను ఎవరూ అడగరా?" అని మావాడు రాశాడు. ఎవరో స్క్రీన్‌షాట్లు తీసి ఫిర్యాదు చేశారు. అంతకుముందు ఇందిరాపార్కు దగ్గర ఒక ధర్నాకు వెళ్లిన ఫొటో కూడా బయటికి లాగారు. ఒక టీవీ చానెల్ ఆ ఫొటో పెట్టి "ఉగ్రవాదులకు మద్దతుగా విద్యార్థి" అని స్క్రోలింగ్ వేసింది. మొన్న పోలీసుల నోటీసు వాట్సాప్‌లో వచ్చింది. అందులో 196, 353 సెక్షన్లు ఉన్నాయి. చుట్టాల్లో ఒకరు దేశద్రోహం అంటారు, ఇంకొకరు ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) అంటారు. ఫోన్‌లో అన్నీ డిలీట్ చేయించమంటారా? వాడు ఎంఎస్‌కి అమెరికా వెళ్లాలి. టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

జవాబు: డిలీట్ సంగతి ముందు చెప్తాను, మిగతావి తర్వాత చదివినా ఫర్వాలేదు. ఏదీ డిలీట్ చేయించకండి. నోటీసు అందాక చాట్ చెరిపేస్తే అది సాక్ష్యం మాయం చేయడం కిందికి వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో 238, 241 సెక్షన్లు దాని కోసమే ఉన్నాయి. ఇప్పుడున్న కేసు నిలవకపోయినా ఆ కొత్త కేసు నిలుస్తుంది. పైగా మీవాడిని కాపాడేది ఆ చాటే. మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. నాలుగోదాంట్లో మీవాడు "మీవాళ్లంతా ఇంతే" అని రాసినట్టు ఉంది. దానికి పైన ఏముందో కత్తిరించేశారు. అవతలివాడు మతం పేరుతో తిట్టాడని మీ ఉత్తరంలో చివర రాశారు కదా, ఆ తిట్టు ఫిర్యాదులో కనిపించదు, మీవాడి ఫోన్‌లో కనిపిస్తుంది. గ్రూపు సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంటుంది. దాంతో మొత్తం సంభాషణను తేదీలు, టైములతో సహా ఇవాళే ఒక కాపీ తీసి పెట్టుకోండి. గ్రూపులోంచి బయటికి రావడం, ఫోన్ మార్చడం లాంటివి కూడా వద్దు.

ఇక సెక్షన్లు. 196 అంటే మతం, కులం, భాష, ప్రాంతం పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం, పాత ఐపీసీలో 153ఏ. 353 అంటే జనంలో భయం, వైరం పుట్టించే పుకార్లు, ప్రకటనలు, పాత 505. రెండింటికీ మామూలుగా గరిష్ఠ శిక్ష మూడేళ్లు. నాన్‌బెయిలబుల్ అని భయపెడతారు, అది నిజమే. కానీ నోటీసులో ఉగ్రవాదం అనే మాట ఎక్కడా లేదు. ఉపా లేదు, ఉగ్రవాద చర్యకు న్యాయ సంహితలో ఉన్న 113 లేదు, 152 లేదు. చానెల్ స్క్రోలింగ్‌కీ పోలీసు కాగితానికీ ఎంత దూరం ఉందో చూడండి. కోర్టులో నడిచేది కాగితమే.

చుట్టాలు దేశద్రోహం అంటున్నది పాత 124ఏ. దాన్ని 2022 మే 11న సుప్రీంకోర్టు ఆపించింది, తర్వాత ఆ చట్టమే పోయింది. దాని చోట వచ్చిన 152 భారత సార్వభౌమత్వాన్ని, ఐక్యతను దెబ్బతీసే పనులకు సంబంధించింది. ప్రభుత్వ చర్యలను విమర్శించడం దాని కిందికి రాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉద్దేశం కనిపిస్తుంది. ఉగ్రవాద చర్య అంటే బాంబులు, మారణాయుధాలు, ప్రాణనష్టం, వాటి వెనక దేశాన్ని బెదిరించాలనో జనాన్ని భయపెట్టాలనో ఉద్దేశం ఉండాలి. 113 కింద పెట్టాలా ఉపా కింద పెట్టాలా అన్నది ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి నిర్ణయించాలి. స్టేషన్‌లో ఎవరో విసుక్కుని "ఉపా పెడతాం" అన్నంత మాత్రాన పడిపోయేది కాదు. అలాగని ఉపాను నేను తేలిగ్గా తీసుకోమనను. అందులో 13వ సెక్షన్ కింద "చట్టవిరుద్ధ కార్యకలాపం" అన్నదాన్ని చాలా వెడల్పుగా రాశారు, ఉగ్రవాద సెక్షన్లు కూడా పెడితే బెయిల్ దొరకడం కష్టం, ఛార్జిషీట్‌కు 180 రోజుల దాకా గడువు పొడిగించుకోవచ్చు. కేరళలో ఇద్దరు విద్యార్థుల దగ్గర మావోయిస్టు సాహిత్యం దొరికిందని 2019లో ఉపా పెట్టారు. పుస్తకాలు ఉండటం, సానుభూతి ఉండటం చాలదు, నిషేధిత సంస్థ కార్యకలాపాలను ముందుకు నడిపే ఉద్దేశం కనిపించాలని 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పి బెయిల్ ఇచ్చింది. చెప్పడానికి రెండేళ్లు పట్టింది, అదే బాధ. మీవాడి కేసు ఆ దరిదాపుల్లో కూడా లేదు.

అసలు విషయం, మీవాడు రాసింది నేరమా? భద్రతా వైఫల్యం గురించి అడిగిన ప్రశ్న ఏ సెక్షన్ కిందా నేరం కాదు. జమ్మూకశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న మనోజ్ సిన్హాయే 2025 జులైలో పహల్గాంలో భద్రతా వైఫల్యం జరిగిందని, బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు. రాజ్‌భవన్‌లో ఒప్పుకున్నది హాస్టల్ గదిలో అడిగితే నేరమెలా అవుతుంది? చానెళ్ల మాటా అంతే. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో కొన్ని చానెళ్లు చూపించిన కరాచీ విధ్వంసం జరగనే లేదు.

దీనికి దగ్గరి తీర్పు ఒకటుంది. కొల్హాపూర్‌లో పనిచేసే ఒక కశ్మీరీ ప్రొఫెసర్, తల్లిదండ్రులు, టీచర్లు ఉన్న వాట్సాప్ గ్రూపులో ఉంటూ, ఆర్టికల్ 370 రద్దయిన ఆగస్టు 5ను బ్లాక్ డే అని స్టేటస్ పెట్టాడు. ఆగస్టు 14న పాకిస్తాన్‌కు స్వాతంత్ర్య దిన శుభాకాంక్షలు కూడా పెట్టాడు. 153ఏ కేసు పడింది. 2024 మార్చి 7న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇలాంటి మాటలను బలహీన మనస్కుల లెక్కన కాక, నిబ్బరమున్న మామూలు మనిషి లెక్కన తూచాలంది. మన హైదరాబాద్ కేసు ఇంకా పాతది. కశ్మీర్‌లో సైన్యం అత్యాచారాలు చేస్తోందని ఇక్కడ ప్రచారం చేశాడని ఒక కశ్మీరీ యువకుడికి ఇక్కడ ఉగ్రవాద కేసులు చూసే టాడా కోర్టు 124ఏ, 153ఏ కింద శిక్ష వేసింది. 1997లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ల కింద వేసిన శిక్షలు కొట్టేసింది. రెండు వర్గాల ప్రస్తావన లేనిదే 153ఏ నిలవదంది. బిలాల్ అహ్మద్ కాలూ కేసు అంటే మీ లాయర్‌కు తెలుస్తుంది.

ఇక్కడే "మీవాళ్లంతా ఇంతే" అన్న రెండు మాటలు నాకు చిరాకు తెప్పిస్తున్నాయి. మిగతాదంతా ప్రభుత్వం మీద, చానెళ్ల మీద. ఈ ఒక్క ముక్క మనుషుల మీద. పోలీసులు 196 అంటగట్టింది దీన్ని పట్టుకునే. తిట్టుకు తిట్టుగా, క్షణికావేశంలో అన్నమాట, రెచ్చగొట్టే ఉద్దేశం లేదు అన్నది మన వాదన. ఉద్దేశం లేకుండా 196 లేదు కాబట్టి ఆ వాదన నిలవాలి. కానీ అబ్బాయిని కూర్చోబెట్టి, ఆ మాట తప్పని మీరే చెప్పండి.

నోటీసు సంగతి. అది అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనే నోటీసు, నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ చోట వచ్చింది) 35(3), పాత 41ఏ. వాట్సాప్‌లో పంపితే అందినట్టు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ పాయింట్ పట్టుకుని ఇంట్లో కూర్చోకండి. నోటీసును సరైన పద్ధతిలో ఇవ్వండి, విచారణకు వస్తాను, సహకరిస్తాను అని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా పంపి, రసీదు ఉంచుకోండి. పరీక్షలుంటే హాల్‌టికెట్ జతచేసి వేరే తేదీ అడగండి, సాధారణంగా ఇస్తారు. నోటీసుకు కట్టుబడి హాజరైనవాడిని, కారణాలు రాసిపెట్టకుండా అదే నేరానికి అరెస్టు చేయకూడదు. రాకపోతే చేయొచ్చు. వెళ్లేటప్పుడు లాయర్‌ను తీసుకెళ్లండి. విచారణ జరుగుతున్నంతసేపూ పక్కనే కూర్చోనివ్వరు కానీ అరెస్టు చేసి ప్రశ్నిస్తే మధ్యలో కలిసే హక్కు అదే సంహితలో 38వ సెక్షన్ ఇస్తుంది. తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు. ఎఫ్‌ఐఆర్ అయిందా, కాలేదా అన్నది ముందు కనుక్కోండి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందే డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు 173(3)లో ఉంది. మాటలు, రాతల మీద పెట్టే కేసుల్లో మామూలుగా ఆ పని చేయాలని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది చేయకపోతే కేసు కొట్టేయమని 528 కింద హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్‌లో ఇది ముఖ్యమైన పాయింట్ అవుతుంది. ముందస్తు బెయిల్ పిటిషన్ కూడా రెడీ చేసి పెట్టమనండి. వేయాలా వద్దా అన్నది ఎఫ్‌ఐఆర్ చూశాక తేల్చుకోవచ్చు.

ఫోన్ అడిగితే ఊరికే చేతిలో పెట్టి రావొద్దు. పంచనామా రాయించి, ఐఎంఈఐ నంబర్ (ఫోన్ గుర్తింపు సంఖ్య) అందులో ఉండేలా చూసి, కాపీ తీసుకోండి. స్వాధీనం చేసుకునే తతంగమంతా వీడియో తీయాలని 105వ సెక్షన్ అంటోంది. పాస్‌వర్డ్ చెప్పాలా వద్దా అన్నదాని మీద కోర్టులు ఒక్కమాట మీద లేవు. లాయర్ పక్కన ఉన్నప్పుడే దానికి జవాబివ్వండి.

ధర్నా ఫొటోతో భయం లేదు. శాంతియుతంగా గుమికూడటం రాజ్యాంగం 19(1)(బి) ఇచ్చిన హక్కు. ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా కేసులో 2020లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది రోడ్డును రోజుల తరబడి మూసేయడాన్ని. ఇందిరాపార్కు ధర్నా చౌక్ అందుకోసమే ఉన్న చోటు. 2017లో ప్రభుత్వం దాన్ని మూయిస్తే మరుసటేడు హైకోర్టు జోక్యంతో తెరుచుకుంది. ఆ రోజు అనుమతి ఉందో లేదో నిర్వాహకులను అడిగి, కాపీ దొరికితే తీసుకోండి.

చానెల్ విషయంలో మాత్రం మీరు ఊరుకోవద్దని నా సలహా. మక్కా మసీదు పేలుడు తర్వాత, 2007లో, పోలీసులు పట్టుకెళ్లిన పాతబస్తీ కుర్రాళ్లు చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు. ప్రభుత్వం ఇచ్చిన పరిహారం కూడా చెల్లదని 2013లో హైకోర్టు అంది. పట్టుకెళ్లిన రోజు వార్త కనిపించినంతగా వదిలిన రోజు వార్త కనిపించలేదు. అందుకని ఇప్పుడే ఆ క్లిప్‌ను లింకు, తేదీ, టైముతో సహా సేవ్ చేయండి. కోర్టుకు వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ కావాలి. ముందు చానెల్‌కు రాతపూర్వక ఫిర్యాదు పంపండి. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే మరో 15 రోజుల్లో వాళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లొచ్చు. దాంతోపాటు క్షమాపణ, సవరణ, వీడియో తొలగింపు కోరుతూ లీగల్ నోటీసు ఇవ్వండి. పరిహారం కోసం సివిల్ దావా అయితే ప్రసారమైన రోజు నుంచి ఏడాదిలోపే వేయాలి, అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది. క్రిమినల్ పరువునష్టం న్యాయ సంహిత 356 కింద, ఫిర్యాదు మేజిస్ట్రేట్ ముందు అబ్బాయి పేరు మీదే వేయాలి. "పోలీసు వర్గాలు చెప్పాయి" అని చానెల్ తప్పించుకోజూస్తుంది. నోటీసులో ఉగ్రవాదం ఊసే లేదన్నది అక్కడ మీకు పనికొస్తుంది. అదే చానెల్ "మీ వెర్షన్ చెప్పండి" అని డిబేట్‌కు పిలవొచ్చు. వెళ్లనివ్వకండి. స్టూడియోలో అన్న ప్రతిమాటా దర్యాప్తు ఫైల్లోకి వెళ్తుంది, యాంకర్ అరుపులు మాత్రం వెళ్లవు.

పాస్‌పోర్టు ఉంటే దాని జోలికి ఎవరూ రాలేదు కాబట్టి ఊరుకోండి. కొత్తగా తీసుకోవాలన్నా, ఎఫ్‌ఐఆర్ ఉండి దర్యాప్తులో ఉన్నంత మాత్రాన క్రిమినల్ కేసు పెండింగ్ అనరు, కోర్టు దాన్ని విచారణకు స్వీకరించాలి. 2019లో విదేశాంగ శాఖ కూడా ఇదే చెప్పింది. అప్లికేషన్‌లో అడిగినదానికి మాత్రం దాచకుండా రాయాలి. అమెరికా వీసాకు డీఎస్-160 ఫారంలో అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. నోటీసు అందుకోవడం అరెస్టు కాదు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాలకు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, కాబట్టి ఖాతాలు మూసేసే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. కేసు ఛార్జిషీట్ దాకా వెళ్తే వీసా ఫారం నింపేముందు మళ్లీ లాయర్‌కు చూపించండి.