లడఖ్‌లో ఎర్రబడిన ఆకాశం పర్లాకిమిడిలో ఎందుకు ఎర్రబడలేదు?

ప్రశ్న: అయ్యా, సాయంత్రంపూట మా ఇంటి దగ్గరి పిల్లలకు తెలుగు చదవడం నేర్పుతుంటాను. బడిలో వారి చదువు ఒడియాలో సాగుతుంది కనుక ‘మేరుజ్యోతి’ అన్న మాట వారికి తెలుసు. 2024 మే నెలలో సౌర తుఫాను (సూర్యుడి నుంచి ఎగసిపడే కణాల ఉప్పెన) వచ్చిన రాత్రి లడఖ్‌లో ఆకాశం ఎర్రబడిన ఫోటోలు చూసి, మన ఊళ్లో ఏమీ ఎందుకు కనిపించలేదని అడిగారు. అంతరిక్షం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు పైగాలిని ఏం చేస్తాయి? అయస్కాంత క్షేత్రం లేని గ్రహాల సంగతేమిటి? మన వైపు ఎప్పటికైనా ఆ వెలుగు కనిపిస్తుందా?
(ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా)

జవాబు: అమ్మా, ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో వెలిగే ఆ మేరుజ్యోతినే మనం ధ్రువకాంతి అంటాం. పిల్లలకు చెప్పేటప్పుడు పాత డబ్బా టీవీతో మొదలుపెట్టండి. దాని గొట్టంలో వేడెక్కిన లోహం నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను సుమారు 20 వేల వోల్టులతో ముందుకు తోస్తే, అవి తెర లోపలివైపు పూసిన పొడికి తగిలి వెలుగు పుట్టేది. టీవీ ఆపగానే తెర దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ధ్రువకాంతిని వెలిగించే ఎలక్ట్రాన్ల శక్తి కూడా ఇంచుమించు ఆ స్థాయిలోనే ఉంటుంది. గాలిలోని ఒక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి సగటున 35 ఎలక్ట్రాన్ వోల్టులు (ఒక వోల్టుతో తోస్తే ఎలక్ట్రాన్‌కు వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు) ఖర్చవుతాయి గనుక, 20 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూసుకొచ్చిన ఒకే ఒక్క ఎలక్ట్రాన్ తాను ఆగిపోయేలోపు ఐదారు వందల అణువులను అయాన్లుగా మార్చగలదు.

అది ఎంత కిందికి దిగుతుందన్నది దాని శక్తిని బట్టి ఉంటుంది. కొద్ది శక్తి గలవి 200 కిలోమీటర్లకు పైనే ఆగిపోతాయి. 10 వేల ఎలక్ట్రాన్ వోల్టులవి 110 కిలోమీటర్ల దాకా, లక్షవి 80 దాకా, పది లక్షలవి 60 దాకా దిగుతాయి. రంగుల రహస్యం కూడా ఈ ఎత్తులోనే ఉంది. దెబ్బ తిన్న ఆక్సిజన్ పరమాణువు ఆకుపచ్చ కాంతిని ఒక సెకనులోపే వదిలేస్తుంది, ఎర్ర కాంతిని వదలడానికి మాత్రం దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది. చిక్కటి గాలిలో ఆ రెండు నిమిషాల్లోపే పక్క అణువులు దాన్ని ఢీకొని ఆ శక్తిని లాగేసుకుంటాయి గనుక, ఎరుపు గాలి బాగా పలచబడిన ఎత్తుల్లోనే వెలుగుతుంది. లడఖ్‌లోని హాన్లే నుంచి ఆ రాత్రి ఎరుపే కనిపించడానికి ఇదే మూలం: వెలుగు ఎక్కడో ఉత్తరాన ఉంది, ఆకుపచ్చగా వెలిగే కింది అంచు భూమి వంపు వెనక దాగిపోయింది, పైకొస మాత్రమే దిగంతం మీద తేలింది. మీ ఊరు హాన్లేకు 1500 కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది కనుక ఆ పైకొస కూడా మీకు దిగంతం కిందే ఉండిపోయింది.

ఎలక్ట్రాన్లు నేరుగా మన నెత్తి మీదికే ఎందుకు దిగవని పిల్లలు అడగవచ్చు. ఎలక్ట్రాన్ల వంటి విద్యుదావేశం గల కణాలు భూమి అయస్కాంత బలరేఖల చుట్టూ తిరుగుతూ వాటి వెంబడే ప్రయాణిస్తాయి. ధ్రువాల దగ్గర ఆ రేఖలు నిట్టనిలువుగా నేలలోకి దిగుతాయి. మన దేశపు దక్షిణ కొస దగ్గర అవి నేలకు సమాంతరంగా ఉంటాయి, మీ వైపు కొద్దిగా మాత్రమే వాలి ఉంటాయి కనుక వాటి వెంబడి కణాలు నేరుగా మీ నెత్తి మీదికి దిగలేవు.

నా దృష్టిలో వెలుగు ఈ కథలో చిన్న భాగమే. 1958లో అమెరికా ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 పసిగట్టిన వాన్ అలెన్ పట్టీల (భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాల వలయాల) నుంచి రాలిపడే బలమైన ఎలక్ట్రాన్లు 60, 80 కిలోమీటర్ల ఎత్తున నైట్రోజన్ అణువులను చీల్చి నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టిస్తాయి. మామూలుగా ఎండ దాన్ని నాశనం చేస్తుంది, అయితే ధ్రువ ప్రాంతపు శీతాకాలంలో నెలల తరబడి ఎండే ఉండదు. అప్పుడది మెల్లగా కిందికి దిగి ఓజోన్‌ను తినేస్తుంది. అదే ఎత్తున పెరిగిన అయాన్ల పొర షార్ట్ వేవ్ రేడియోను మింగేయడం వల్ల ధ్రువాల మీదుగా ఎగిరే విమానాలకు మాట అందదు. పగలు వినపడని దూరపు మీడియం వేవ్ స్టేషన్లు రాత్రి వినిపించడం మీ ఇంటి పెద్దలకు అనుభవమే; పగటి ఎండ కూడా ఇలాంటి అయాన్ల పొరనే పుట్టిస్తుంది, ఎండ పోగానే అది చెదిరిపోవడమే దానికి కారణం.

ఇక కుజుడు. ఆ గ్రహానికి భూమిలా మొత్తాన్ని కప్పే అయస్కాంత క్షేత్రం లేదు. మన మంగళయాన్‌కు రెండు రోజుల ముందు అక్కడికి చేరిన అమెరికా మావెన్ నౌక, 2014 డిసెంబరులో సౌర తుఫాను సమయాన, ఉత్తరార్ధగోళంలో విశాలంగా పరచుకున్న అతినీలలోహిత ధ్రువకాంతిని చూసింది. ధ్రువాలతో పని లేకుండా ఎలక్ట్రాన్లు ఎక్కడ పడితే అక్కడ 60, 70 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగాయన్నమాట. 2024 మార్చి 18న పర్సివరెన్స్ రోవర్ కుజుడి నేల మీద నుంచే ఆకుపచ్చ వెలుగును పట్టుకుంది. గురుడిది ఇందుకు పూర్తిగా వేరైన కథ: బ్రహ్మాండమైన అయస్కాంత క్షేత్రం, అయో ఉపగ్రహపు అగ్నిపర్వతాలు వెదజల్లే పదార్థం, పది గంటలలోపే ముగిసే భ్రమణం కలిసి ఎప్పుడూ ఆరని ధ్రువకాంతిని నడుపుతున్నాయి. ఎండ ఒక్కటే అయితే మైనస్ 70 డిగ్రీల దగ్గర ఉండవలసిన ఆ గ్రహపు పైగాలి 400 డిగ్రీలు దాటి వేడెక్కి ఉండడానికి, ధ్రువాల దగ్గర చేరిన ఈ శక్తి మిగతా గ్రహమంతటికీ పాకడమే కారణమని 2021లో వెలువడిన పరిశీలనలు చూపాయి.

మీ చివరి ప్రశ్నకు జవాబు: అరుదే కాని అసాధ్యం కాదు. 1872 ఫిబ్రవరి 4 రాత్రి ముంబైలో ధ్రువకాంతి కనిపించినట్లు నమోదైంది. అక్కడి నుంచి అరేబియా తీరంలోని ఏడెన్ రేవుకు సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగ కూడా గంటల తరబడి తడబడింది. అట్లాసులో ముంబై, పర్లాకిమిడి ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉంటాయి. పిల్లల చేత రెండింటినీ కలుపుతూ గీత గీయించి చూడండి.