గ్రూప్-2 కోసం జాబ్ మానేసి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: సర్, నమస్తే. మాది జనగామ జిల్లా. నాకు 29 ఏళ్లు, పెళ్లి కాలేదు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను, నాలుగేళ్లయింది. చేతికి 38 వేలు వస్తుంది. ఖర్చులు, చిట్టీ పోను నెలకు 8 వేలు మిగులుతాయి. మొన్నటి గ్రూప్-2 రాశాను కానీ డ్యూటీ చేస్తూ చదవడంతో మంచి ర్యాంకు రాలేదు. ఈసారి జాబ్ మానేసి, అశోక్‌నగర్‌లో హాస్టల్ తీసుకుని పూర్తిగా ప్రిపేర్ అవుదామనుకుంటున్నాను. మధ్యలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్‌ఎస్‌సీ సీజీఎల్, బ్యాంకు పరీక్షలు కూడా రాస్తాను. నా దగ్గర 2,10,000 రూపాయలు ఉన్నాయి. కోచింగ్ ఫీజు 65 వేలు. హాస్టల్, తిండి 7,500, రీడింగ్ రూమ్ 1,200, పుస్తకాలు, టెస్ట్ సిరీస్ 2,000, ఫోన్, చార్జీలు 2,300, ఇంటికి 5,000 కలిపి నెలకు 18 వేలు అవుతుంది. శాలరీ స్లిప్పులు ఉండగానే 3 లక్షల పర్సనల్ లోన్ (16 శాతం వడ్డీ, మూడేళ్లు) తీసుకుని, ఆ తర్వాత రిజైన్ చేస్తే రెండేళ్లు టెన్షన్ లేకుండా చదువుకోవచ్చని నా లెక్క. నెలకు 5 వేల చొప్పున లక్ష రూపాయల చిట్టీ కడుతున్నాను, ఇంకా 14 నెలలు ఉంది. నాన్నకు 58 ఏళ్లు, వ్యవసాయం. అమ్మకు షుగర్. ఇద్దరూ నా కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదు. మీ ఉత్తరం లాంటివి నాకు నోటిఫికేషన్ కబురు వినిపించినప్పుడల్లా వస్తూనే ఉంటాయి. జిల్లా పేరు, లోన్ మొత్తం మారతాయి, తప్పు మాత్రం అదే. అందుకే మీకు విడిగా రాయకుండా అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ రెండేళ్ల లెక్క చూద్దాం. చేతిలో 2,10,000, లోన్ 3,00,000, మొత్తం 5,10,000. కోచింగ్ ఫీజు పోతే 4,45,000. దాన్ని 18 వేలతో భాగిస్తే 24 నెలలకు పైనే వచ్చింది, మీరు సంతోషపడ్డారు. లోన్ తీసుకున్న మరుసటి నెల నుంచే కిస్తీ మొదలవుతుందన్న సంగతి ఆ కాగితం మీద లేదు. 3 లక్షలకు 16 శాతం వడ్డీతో మూడేళ్లకు ఈఎంఐ దాదాపు 10,550 రూపాయలు. చిట్టీ 5 వేలు కూడా మీ 18 వేలల్లో లేదు. ఇప్పుడది జీతంలోంచి పోతోంది కాబట్టి గుర్తు రాలేదు. రిజైన్ చేశాక జీతం ఉండదు, చిట్టీ ఉంటుంది. ఈ రెండూ కలిపితే నెలకు 33,500 దాటుతుంది. 4,45,000 అయిపోవడానికి 13 నెలలు చాలు. పద్నాలుగో నెలలో మీ చేతిలో డబ్బు ఉండదు, జీతం ఉండదు, ఇంకా 23 కిస్తీలు, అంటే 2,42,000 రూపాయల పైచిలుకు బాకీ ఉంటుంది.

ఇంకో రకంగా చూడండి. లోన్ అసలు తీసుకోకుండా ఇవాళే మానేస్తే మీ డబ్బు ఆరు నెలలకు సరిపోతుంది. లోన్ తీసుకుంటే 13 నెలలకు. ఆ అప్పు మీకు కొనిపెట్టింది ఏడు నెలలు. దానికి మూడేళ్లలో మీరు తిరిగి కట్టేది దాదాపు 3,80,000. అంటే ఒక్కో నెల చదువు మీకు 54 వేలకు పడింది. మీ జీతం 38 వేలు! నెలకు 54 వేలు పెట్టి హాస్టల్ గదిలో కూర్చునే స్తోమత ఉన్నవాళ్లు నాకు ఉత్తరాలు రాయరు. ప్రాసెసింగ్ ఫీజు, ఒక ఈఎంఐ తప్పితే పడే బౌన్స్ చార్జీలు నేను ఇందులో కలపనేలేదు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది. రెండేళ్లు అనే అంకె మీకు ఎక్కడి నుంచి వచ్చింది? నోటిఫికేషన్ వస్తుంది, ఎనిమిది పది నెలల్లో పరీక్ష, ఆ తర్వాత ఉద్యోగం అనే కదా. మీరు రాసిన గ్రూప్-2నే గుర్తు చేసుకోండి. 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది 2022 డిసెంబర్‌లో. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు. అది నవంబర్ అయింది, తర్వాత 2024 జనవరి అయింది, ఆ తర్వాత 2024 ఆగస్టు అయింది. చివరికి మీరు హాల్లో కూర్చున్నది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. తుది ఫలితాలు 2025 సెప్టెంబర్ చివర్లో వచ్చాయి. నోటిఫికేషన్ నుంచి ఎంపిక జాబితా దాకా 33 నెలలు. 2023 జనవరిలో ఆగస్టు దాకా డబ్బు చూసుకుని ఉద్యోగం మానేసినవాళ్ల సంగతి ఒక్కసారి ఊహించుకోండి. వాళ్లలో కొందరు మధ్యలోనే డబ్బుల్లేక పుస్తకాలు సర్దుకుని ఊరికి వెళ్లిపోయారు. చదువు రాక కాదు.

గ్రూప్-1 కథ ఇంకా దారుణం. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగింది. ఒకసారి పేపర్ లీకేజీతో, ఇంకోసారి హైకోర్టు తీర్పుతో, రెండుసార్లూ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. దాని మీదా కేసులు నడిచాయి. ఆంధ్రప్రదేశ్ పాఠకులు ఇది మా గొడవ కాదులే అనుకోవద్దు. అక్కడ 2023 డిసెంబర్ గ్రూప్-2కు ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలోనే చకచకా పెట్టేశారు, మెయిన్స్ జరిగేసరికి మాత్రం 2025 ఫిబ్రవరి వచ్చింది.

అభ్యర్థులు పరీక్ష తేదీ దాకా డబ్బు లెక్క వేసుకుంటారు. కీ, అభ్యంతరాలు, కోర్టు, సర్టిఫికెట్ వెరిఫికేషన్, పోస్టింగ్ దాటి మొదటి జీతం పడేదాకా వేసుకోవాలి. గ్రూప్-2 దరఖాస్తుకు, పరీక్షకు కలిపి మొన్న కట్టిన ఫీజు 320 రూపాయలు. అసలు ఖర్చంతా ఎదురుచూపుదే. ఎదురుచూడటానికి అప్పు తెచ్చుకుంటే నోటిఫికేషన్ వాయిదా పడుతుంది కానీ ఈఎంఐ వాయిదా పడదు.

ఇక బ్యాంకు పరీక్షలు కూడా రాస్తానన్నారు కదా. స్టేట్ బ్యాంకు నోటిఫికేషన్‌లో చివరి పేజీల దాకా వెళ్లి ఎప్పుడైనా చదివారా? లోన్లు, క్రెడిట్ కార్డు బాకీలు కట్టకుండా ఎగ్గొట్టిన రికార్డు ఉన్నవాళ్లు, అప్పుల చెల్లింపు రికార్డు ఉంచే సిబిల్ లాంటి సంస్థల నివేదిక బాగోలేనివాళ్లు అపాయింట్‌మెంట్‌కు అర్హులు కారని అందులో ఉంటుంది. ఇలాగే ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని బ్యాంకు రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకు నిర్ణయాన్నే సమర్థించింది. మిగతా ప్రభుత్వ బ్యాంకులకు పరీక్ష పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలోనూ క్రెడిట్ హిస్టరీ మాట ఉంటుంది. ప్రిపరేషన్ కోసం తెచ్చిన లోన్ పద్నాలుగో నెలలో బౌన్స్ అయితే, ఆ బౌన్సే మీ బ్యాంకు ఉద్యోగానికి అడ్డం పడుతుంది. మూడు లక్షలు ఖర్చుపెట్టి మరీ ఒక తలుపు మూసుకోవడం అన్నమాట.

శాలరీ స్లిప్పులు ఉండగానే లోన్ తీసేసుకో, తర్వాత రిజైన్ చెయ్ అనే ఉపాయం మీకు ఎవరో రూమ్మేట్ చెప్పి ఉంటాడు. అశోక్‌నగర్ టీ కొట్ల దగ్గర ఈ సలహా ఉచితంగా దొరుకుతుంది. వచ్చే నెల ఉండని జీతాన్ని చూపించి అప్పు అడగడం బ్యాంకుకు అబద్ధం చెప్పడమే. ఆ అబద్ధానికి వడ్డీ కట్టేది మీరే. లోన్ యాప్‌ల జోలికైతే వెళ్లొద్దు, దాని గురించి ఇంతకు మించి రాయను. అమ్మ మెడలో బంగారం తాకట్టు పెట్టడమూ అప్పే. చిట్టీ ఇప్పుడే పాడుకుని ఎత్తుకోవడమూ అప్పే, పైగా తగ్గించి పాడుకున్న అప్పు. పీఎఫ్ ముట్టుకోకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీసేస్తే పన్ను కూడా పడుతుంది.

మరి చదువు మానేయమంటున్నానా? లేదు. తొందర ఎందుకని అడుగుతున్నాను. మీకు 29. తెలంగాణలో గరిష్ఠ వయోపరిమితిని 2024 ఫిబ్రవరిలో, రెండేళ్ల కాలానికి, 44 నుంచి 46కి పెంచారు. ఎక్సైజ్ ఎస్సై లాంటి యూనిఫాం పోస్టుల సంగతి వేరు. వయసు దాటిపోయే భయం మీకు నిజంగా ఉన్నది సీజీఎల్‌కే, అక్కడ పోస్టును బట్టి 30, 32 దగ్గర ఆపేస్తారు. దానికి ఉద్యోగం మానక్కర్లేదు. టైర్-1 గంట పరీక్ష, వంద ప్రశ్నలు. వేగమే ముఖ్యం, రోజూ పొద్దున ఒక మాక్ టెస్ట్ రాస్తే ఆ వేగం వస్తుంది. అప్లికేషన్ ఈ ఏడాదే వేసేయండి.

ఇప్పుడు నా లెక్క వినండి. ఇంకో 14 నెలలు ఉద్యోగంలోనే ఉండండి. నెలకు 8 వేల చొప్పున 1,12,000 కలుస్తుంది. చిట్టీని చివరిదాకా ఎత్తకుండా ఉంచితే కమిషన్ పోను సుమారు 95 వేలు వస్తుంది. ఇప్పుడున్న 2,10,000తో కలిపి 4,17,000. ఇందులో 50 వేలు వేరే అకౌంట్‌లో, ఏటీఎం కార్డు కూడా తీసుకోకుండా పెట్టండి. అది ఇంట్లో ఎవరికైనా ఆస్పత్రి అవసరం పడితేనే. ఇంకో 60 వేలు నేను కింద చెప్పబోయే హెల్త్ పాలసీకి తీసేయండి. 3,07,000 మిగిలింది. నెలకు 18 వేల చొప్పున 17 నెలలు. అప్పు లేదు, ఈఎంఐ లేదు, చిట్టీ అయిపోయింది. మీ ప్లాన్‌లో లోన్‌తో కలిపి 13 నెలలు వచ్చింది, చివర రెండున్నర లక్షల దాకా బాకీతో. ఇందులో 17 నెలలు, దానికి ముందు 14 నెలలు పొద్దున రెండు గంటల చదువు.

ఇందులో కోచింగ్ 65 వేలు లేదేమిటని అడుగుతారు. కావాలనే తీసేశాను. ఒకసారి పరీక్ష రాసినవాళ్లకు సిలబస్ మళ్లీ మొదటి నుంచి చెప్పించుకోవడం కన్నా టెస్టులు రాయడం, తప్పులు దిద్దుకోవడం పనికొస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ చానల్ టీ-శాట్ నిపుణలో పాఠాలు ఉచితం. తెలుగు అకాడమీ పుస్తకాలు ఎలాగూ మీ దగ్గర ఉండి ఉంటాయి. ఆదాయ పరిమితిలోకి వస్తే బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్ల స్క్రీనింగ్ టెస్ట్ రాయండి. సెలవు రోజు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్లి కూర్చోండి, పక్క కుర్చీలోవాడు ఏం చదువుతున్నాడో చూస్తేనే సగం గైడెన్స్ వస్తుంది.

నోటిఫికేషన్ వచ్చాక, హాల్ టికెట్ తేదీ ఖాయమైనట్టు కనిపిస్తే చివరి రెండు మూడు నెలలు జీతం లేని సెలవు అడగండి. కొన్ని కంపెనీలు ఇస్తాయి. ఇవ్వకపోతే అప్పుడు రిజైన్ చేయండి. ఆ 17 నెలల డబ్బు అప్పుడు నిజంగా అక్కరకొస్తుంది, ఎందుకంటే అప్పటికి మీ ఎదురుచూపులో సగం జీతంతోనే గడిచి ఉంటుంది.

హెల్త్ పాలసీ దగ్గరకు వద్దాం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది లోన్ కాదు, చివర్లో రాసిన రెండు వాక్యాలు. అమ్మకు షుగర్, ఇద్దరూ కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. మీ చివరి పనిదినంతో ఆ ఇన్సూరెన్స్ పోతుంది. ఆ మర్నాడు నాన్న పొలం గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగినా మీ 2,10,000 ఒక్క ఆపరేషన్‌కే పోవచ్చు, అప్పుడు గ్రూప్-2 లేదు, గ్రూప్-4 లేదు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు. మంచిదే, ఉంచుకోండి. కానీ మీరు వెళ్లిన ప్రతి ఆస్పత్రిలో, ప్రతి జబ్బుకూ అది పనిచేయదు, అమ్మ నెలనెలా వాడే మందులకూ రాదు.

అందుకని ఉద్యోగంలో ఉండగానే, వీలైతే ఈ నెలలోనే, అమ్మానాన్నలకు విడిగా పాలసీ తీసుకోండి. షుగర్ సంగతి దాచకుండా రాయండి. దాచితే క్లెయిమ్ రోజున ఆ పాలసీ చిత్తుకాగితం. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు. ఆ గడియారం ఇవాళ మొదలుపెడితే, కంపెనీ పాలసీ ఉన్న ఈ 14 నెలలు అందులో గడిచిపోతాయి. మానేశాక మొదలుపెడితే వెయిటింగ్ అంతా మీ నిరుద్యోగం మీద పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. మీకు టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) కూడా జీతం ఉండగానే సులువుగా వస్తుంది, ఒక చిన్నది తీసుకోండి. పొదుపు కలిసిన పాలసీలు ఎవరు అంటగట్టినా వద్దనండి.

కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది, ఇప్పటిదాకా నడిచిన కాలం కూడా కలిసొస్తుంది. దానికి దరఖాస్తు ఎప్పటిలోగా పెట్టాలో, ఏ కాగితాలు కావాలో హెచ్‌ఆర్‌ను రేపే మెయిల్‌లో అడగండి. రిజైన్ సంగతి ఇప్పుడే చెప్పక్కర్లేదు. లోన్ ఇంకా శాంక్షన్ కాలేదనుకుంటాను. అయి, డబ్బు అకౌంట్‌లో పడకుండా ఉంటే బ్యాంకుకు ఫోన్ చేసి వద్దని చెప్పండి.