పచ్చ గీత చోటు చెబుతుంది, లోతు చెప్పదు

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. విరేచనాలైతే ఆసుపత్రిలో చేర్చినాము. సెలైన్ పెట్టేదానికి నరం దొరకలేదని నాలుగు చోట్ల పొడిచినారు. చేతి మీద లైటు వేస్తే నరాలు పచ్చగా కనపడే మిషన్ ఉందంట కదా. అది ఉంటే ఒక్కసారికే సూది ఎక్కుతుందా? పాపకు ఆ లైటు మంచిదేనా?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: లైటు గురించి భయం వద్దు, అది ఎక్స్‌రే కాదు. మన కంటికి ఆనని పరారుణ కాంతి. చర్మం, కొవ్వు దాన్ని చెదరగొట్టి వెనక్కి పంపుతాయి, రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చేసుకుంటుంది. అందుకే మిషన్‌లోని కెమెరాకు రక్తనాళం ఉన్నచోట నల్లటి చార కనిపిస్తుంది. ఆ బొమ్మనే మళ్లీ చర్మం మీద పచ్చటి వెలుగుగా వేస్తుంది. పాప కళ్లలో పడకుండా చూసుకుంటే చాలు.

ఒక్కసారికే ఎక్కుతుందన్న హామీ మాత్రం లేదు. పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో కొన్నింట్లో మేలు కనిపించింది, కొన్నింట్లో తేడానే రాలేదు. విరేచనాలతో ఒంట్లో నీరు పోయిన బిడ్డకు సిరలు (మీరు నరాలన్నవి) అణిగిపోయి ఉంటాయి. గీత కనిపించినా, సూది తగలగానే గోడలు అతుక్కుపోతాయి. గోరువెచ్చని గుడ్డ కాసేపు చేతికి చుట్టడం ఇక్కడ మిషన్ కన్నా ఎక్కువ పని చేయవచ్చు. ఒకరు రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే ఇంకొకరి చేతికివ్వాలన్నది పద్ధతి. ఆ మాట మీరూ అడగవచ్చు.

ప్రశ్న: ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది. కొత్తగా వెయిన్ ఫైండర్ (నరాలు చూపే లైటు మిషన్) తెచ్చినారు. సరిగ్గా గీత మీదే గుచ్చుతున్నా చాలాసార్లు రక్తం రాదు. మిషన్ లోపమా?
– ఒక టెక్నీషియన్, అనంతపురం

జవాబు: ఎక్కువసార్లు పట్టుకునే తీరులోనే తేడా ఉంటుంది. మిషన్ చర్మానికి నిటారుగా ఉండాలి. కాస్త వాలినా గీత సిర మీద కాక పక్కన పడుతుంది. సన్నని సిరకు రెండు మిల్లీమీటర్ల తేడా చాలు, సూది పక్కనుంచి పోవడానికి. ఎంత దూరంలో పట్టాలో మోడల్‌ను బట్టి మారుతుంది, కంపెనీ పుస్తకంలో చూడండి. సిరను వెలుగు పడే చోటు నడుమకు తెచ్చుకోండి, అంచుల్లో గుచ్చవద్దు. కిటికీలోంచి ఎండ నేరుగా పడే చోట కూర్చోబెట్టకండి, ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది.

ఇక గీత కనిపించినంత మాత్రాన అది సిర కాదు. పాత పోటు దగ్గర గడ్డకట్టిన రక్తం, కమిలిన చోటు, వెంట్రుకలు కూడా కెమెరాకు సిరలాగే నల్లగా పడతాయి. పరీక్ష ఇలా చేయండి. రెండు వేళ్లు పక్కపక్కన గీత మీద నొక్కండి. కింది వేలు కదలకుండా, పై వేలిని మోచేతి వైపు జరపండి. రెండు వేళ్ల నడుమ గీత మాయమవుతుంది. కింది వేలు తీయగానే మళ్లీ నిండితే అది పారుతున్న సిర. నిండకపోతే వదిలేయండి.

లోతు విషయంలో మీ వేలే ఆధారం. ఈ మిషన్లు సుమారు ఒక సెంటీమీటరు లోతు వరకే చూస్తాయి, ఆ లోపల సిర ఎంత కిందుందో చెప్పవు. గీత వెడల్పు కూడా సిర అసలు వెడల్పు కాదు. రబ్బరు పట్టీ గుచ్చే చోటికి పైన నాలుగైదు వేళ్ల ఎడంలో కట్టండి, నిమిషం దాటకుండా. చర్మాన్ని కిందికి లాగిపట్టి, 30 డిగ్రీలకు మించని వాలుతో గుచ్చండి. సూది దిగాక కళ్లు పచ్చ గీత మీద కాదు, సూది మొదట్లో రక్తం తొంగిచూసే చోట ఉండాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

ఇంకొకటి: మనం సిరను నరమంటాం గానీ, అసలు నరాలు ఈ మిషన్‌కు కనపడవు. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు గీత ఎంత ఊరించినా గుచ్చకండి, అక్కడ సిరను ఆనుకునే నరం పోతుంది.

ప్రశ్న: మా నాయనకు డయాలసిస్. చేతులు వాచినాయి, మిషన్‌లో కూడా నరం కనపడలేదన్నారు. మరి దారేంది?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వాపు నీటిలో సిర లోతుకు పోయి ఉంటుంది, పచ్చ గీతకు అందదు. అప్పుడు అల్ట్రాసౌండ్ కావాలి. అందులో నొక్కితే చదునయ్యేది సిర, నొక్కినా కొట్టుకునేది ధమని. లోతు మిల్లీమీటర్లలో తెలుస్తుంది. అయితే సిర 10 మి.మీ. లోతులో ఉంటే 45 డిగ్రీల వాలులో కాన్యులా (సిరలో ఉంచే సన్నని గొట్టం) 14 మి.మీ. దారిలోనే అయిపోతుంది. 25 మి.మీ. ఉండే నీలం కాన్యులా పెడితే సిరలో మిగిలేది 11, చేయి మడిస్తే జారిపోతుంది. పొడవైనది అడగండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం సిరను ధమనితో కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి మాత్రం సూదీ వద్దు, బీపీ పట్టీ వద్దు. రెండో చేతిలోనూ ముంజేతిని వదిలి, వీలైతే అరచేతి వెనక భాగంలోనే తీయమనండి. ఈ ఫిస్టులా చెడితే రేపు కొత్తది పెట్టేది ఆ ముంజేతి సిరలతోనే.