టెక్ సందేహాలు: ఘాట్ రోడ్డులో గేర్‌బాక్స్ వేడి ఫోన్‌లో తెలుస్తుందా?

సందేహం: నాది ఆటోమేటిక్ ఇసుజు వీ-క్రాస్, బీఎస్6 డీజిల్. తరచూ శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్తుంటాం. మొన్న అనంతగిరి ఘాట్‌లో లారీల వెనక నత్తనడకన ఎక్కుతుంటే కాలిన వాసన వచ్చింది. టెంపరేచర్ మీటర్ చూస్తే మామూలుగానే ఉంది. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇంజిన్, గేర్‌బాక్స్ ఎంత వేడెక్కుతున్నాయో ఫోన్‌లో చూసుకోవచ్చా?
ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: చూసుకోవచ్చు. ముందు ఆ మీటర్ సంగతి చెప్పాలి. ముల్లయినా గీతలైనా, చాలా బండ్లలో దాన్ని కావాలనే నిలకడగా ఉండేలా చేస్తారు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి పది, పదిహేను డిగ్రీలు అటూ ఇటూ అయినా మధ్యలోంచి కదలదు. పైగా అది చెప్పేది ఇంజిన్ కూలెంట్ వేడి మాత్రమే, గేర్‌బాక్స్ ఆయిల్ వేడి కాదు. ఆటోమేటిక్‌తో ఘాట్ ఎక్కేవాళ్లు అసలు కనిపెట్టుకోవాల్సింది ఆ ఆయిల్‌నే.

మీ బండిలో ఇంజిన్ తిరుగుడును గేర్‌బాక్స్‌కు అందించేది టార్క్ కన్వర్టర్. అందులో ఆ పని చేసేది ఆయిలే, కాబట్టి ఇంజిన్ తిరిగినంతా గేర్‌బాక్స్‌కు చేరదు, కొంత జారుడు ఉంటుంది. వేగం అందుకున్నాక లోపలి క్లచ్ లాక్ అవుతుంది, జారుడు ఆగిపోతుంది. లారీ వెనక మెల్లగా ఎక్కేటప్పుడు ఆ లాక్ పడదు. జారుడులో వృథా అయిన శక్తంతా వేడిగా మారి ఆయిల్‌లోకే చేరుతుంది. బండి మెల్లగా పోతుంటుంది కాబట్టి ఎదురుగాలి కూడా అంతగా తగలదు. మీకొచ్చిన వాసన ఎదురుగా దిగుతున్న లారీ బ్రేకులది కూడా అయి ఉండొచ్చు. అందుకే ఊహలు వద్దు, అంకెలు చూద్దాం.

స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర బండి కంప్యూటర్‌లోని వివరాలు చదవడానికి వాడే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో కార్ స్కానర్ లేదా టార్క్ ప్రో యాప్ వేసుకోండి. టార్క్ ప్రో ఆండ్రాయిడ్‌కే. ఐఫోన్ అయితే బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై అడాప్టర్ కావాలి, మామూలు బ్లూటూత్‌ది పనిచేయదు. బాగా చౌకగా దొరికేవి చాలావరకు ఈఎల్ఎమ్327 అనే ఓబీడీ అడాప్టర్ చిప్‌కు నకళ్లు. కూలెంట్ వేడి చూపిస్తాయి కానీ, కంపెనీల సొంత కోడ్‌లు అడిగితే కొన్ని తెల్లమొహం వేస్తాయి. మీకు కావాల్సింది సరిగ్గా ఆ కోడ్‌లే కాబట్టి కాస్త ఎక్కువైనా మంచి రకం తీసుకోండి.

ఎందుకంటే కూలెంట్, లోపలికి వచ్చే గాలి వంటివి అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉన్న జాబితాలో ఉంటాయి. గేర్‌బాక్స్ ఆయిల్ వేడి అందులో లేదు. ఒక్కో కంపెనీ ఒక్కో కోడ్ వాడుతుంది. యాప్‌లో కనెక్షన్ ప్రొఫైల్ దగ్గర మీ కంపెనీ, మోడల్ ఎంచుకుని చూడండి. ఒకచోట మాత్రం మోసపోవద్దు. మైనస్ 40 అని చూపిస్తూ కదలకుండా ఉంటే అది ఉష్ణోగ్రత కాదు. వచ్చిన అంకెలోంచి 40 తీసేసి డిగ్రీలు లెక్కగడతారు. అంటే మీకు వచ్చింది సున్నా. సెన్సార్ తెగిపోయిందో, ఆ కోడ్ మీ బండికి సరిపడలేదో అనుకోవాలి. ఉదయం చల్లటి బండిలో తాళం ఆన్ చేసి చూస్తే నిజం తెలుస్తుంది. కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్, బయటి గాలి మూడూ దాదాపు ఒకే అంకె చూపాలి.

కూలెంట్ 85 నుంచి 100 మధ్య ఉంటే భయం లేదు. 110 దాటితే ఆపాలి. గేర్‌బాక్స్ ఆయిల్ 80 నుంచి 100 దాకా మామూలే. చాలాసేపు 110 పైన ఉంటే ఆయిల్ త్వరగా పాడవుతుంది, 120కి చేరితే పక్కకు ఆపేయండి. ఆపాక ఇంజిన్ వెంటనే కట్టేయవద్దు. పార్క్‌లో పెట్టి కాసేపు ఐడిల్‌లో నడవనిస్తే ఆయిల్ కూలర్‌లో తిరిగి చల్లబడుతుంది. కూలెంట్ పొంగుతుంటే, మీటర్ ఎర్రగీత తాకితే మాత్రం బండి ఆపి ఇంజిన్ వెంటనే కట్టేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు. ఘాట్ ఎక్కేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో కింది గేర్ పెట్టుకుంటే వేడి పెరగడం తగ్గుతుంది.

బండి నడుపుతూ అంకెలు చూడకండి. యాప్‌లో అలారం పెట్టుకోండి. ఇంటికి రాగానే అడాప్టర్ తీసేయండి. వారాల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. 1234 లాంటి ఎవరైనా ఊహించగల పిన్ ఉన్న బ్లూటూత్‌ను బండికి తగిలించి ఉంచడమూ మంచిది కాదు.

సందేహం: డాలస్‌లో ఉంటాం. కమిన్స్ డీజిల్ ర్యామ్ 2500కి ట్రైలర్ తగిలించి రేటన్ పాస్ అనే కొండ కనుమ మీదుగా కొలరాడో వెళ్లాలి. ఫ్రెండ్స్ వేడి వగైరా అంకెలు చూపించే విడి తెర, గేజ్ మానిటర్ కొనమంటున్నారు. కొనాలా?
ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: బండికి మార్పులేమీ చేయించకపోతే అక్కర్లేదు. స్టీరింగ్ బటన్లతో వెహికల్ ఇన్ఫో మెనూలోకి వెళ్లండి. కూలెంట్, ఇంజిన్ ఆయిల్, ట్రాన్స్‌మిషన్ వేడి అంకెల్లోనే కనిపిస్తాయి. అక్కడ ఫారెన్‌హీట్ కాబట్టి 200 అంటే సుమారు 93 సెల్సియస్, కంగారు వద్దు. బరువు లాగేటప్పుడు వాడే టో/హాల్ మోడ్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేసే ఉంచండి, దిగేటప్పుడు ఇంజిన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ కూడా. పొగ గొట్టం వేడి కూడా చూడాలనుకుంటేనే విడి మానిటర్ కొనండి. అప్పుడు కూడా అంకెలు చూపించేది మాత్రమే తీసుకోండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేయించే ట్యూనర్, అంటే ఇంజిన్ సెట్టింగులు మార్చే పరికరం జోలికి వెళ్లకండి, అమెరికాలో అది ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించడమే.