తెరపై రసాయన శాస్త్రం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. అంతర్జాలంలో వీడియోలు, యానిమేషన్లు, సిమ్యులేషన్లు లెక్కలేనన్ని దొరుకుతున్నాయి. పిల్లలు కళ్లప్పగించి చూస్తారు, మర్నాడు ప్రశ్న అడిగితే మాత్రం నోరు మెదపరు. వేటిని ఎంచుకోవాలి, తరగతిలో ఎలా వాడాలి?

జవాబు: మీకు ఎదురైన ఇబ్బందికి కారణం చాలావరకు రసాయన శాస్త్ర స్వభావంలోనే ఉంది. పరీక్షనాళికలో కంటికి కనిపించే మార్పు, కంటికి అందని పరమాణువుల, అణువుల ప్రవర్తన, కాగితం మీద రాసుకునే సంకేతాలు, సమీకరణాలు అనే మూడు స్థాయుల మధ్య విద్యార్థి మనసు ఒకేసారి తిరగవలసి రావడం వల్లనే ఈ శాస్త్రం కష్టంగా తోస్తుందని గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ జాన్‌స్టన్ 1991లో వివరించారు. కాబట్టి ఏ వనరు కనబడినా ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మూడింటిలో కనీసం రెండింటిని ఇది కలుపుతోందా? రంగులు మారే ప్రయోగాలను వరుసగా చూపించి ఊరుకునే వీడియో ఎంత అందంగా ఉన్నా మొదటి స్థాయి దగ్గరే ఆగిపోతుంది.

ఈ పరీక్షకు బాగా నిలిచే వాటిలో కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణంలో రూపొందుతున్న ఫెట్ సిమ్యులేషన్లను ముందుగా చెబుతాను. 2001లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న కార్ల్ వీమన్ 2002లో ఈ ప్రాజెక్టును ప్రారంభించారు. ఇవి ఉచితం, మాటలు తక్కువ, చేతితో కదిపి చూసే అవకాశం ఎక్కువ. క్రియాజనకాలు, ఉత్పన్నాలు, మిగులు అనే మూడింటిని గురించిన సిమ్యులేషన్ మొదట రొట్టె ముక్కలతో శాండ్‌విచ్‌లు చేయించి, ఆ తర్వాతనే అణువుల దగ్గరకు తీసుకెళ్తుంది. దానిని తెరవకముందే పిల్లలను ఇలా అడగండి: 3 నైట్రోజన్ అణువులు, 6 హైడ్రోజన్ అణువులు ఉంటే ఎన్ని అమ్మోనియా అణువులు తయారవుతాయి, ఏది మిగులుతుంది? ప్రతి ఒక్కరూ తమ జవాబును కారణంతో సహా కాగితం మీద రాయాలి. 4 అమ్మోనియా అణువులు తయారై, 1 నైట్రోజన్ అణువు మిగిలిపోవడాన్ని ఆ తర్వాత తెర మీద చూసినప్పుడు, తప్పు రాసిన పిల్లవాడికి తన ఆలోచన ఎక్కడ దారి తప్పిందో తనకే తెలుస్తుంది. ముందుగా ఊహించి రాయడమనే ఈ ఒక్క అలవాటు లేకపోతే ఎంత మంచి సిమ్యులేషన్ అయినా బొమ్మలాటగానే మిగిలిపోతుందని నా దృఢమైన అభిప్రాయం.

బొమ్మలు చెప్పే అబద్ధాలను కూడా పాఠంలో భాగం చేసుకోండి. పరమాణువులకు రంగులు ఉండవు. చాలా యానిమేషన్లలో ద్రవంలోని కణాలు ఘనంలోని వాటికంటే బాగా ఎడంగా, ఘనానికీ వాయువుకూ సరిగ్గా మధ్యస్థంగా కనిపిస్తాయి. నిజానికి ద్రవంలోని కణాలు దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి. నీటి విషయంలో ఇది తలకిందులు కూడా అవుతుంది. గడ్డకట్టినప్పుడు నీటి ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది కనుక, మంచులో కంటే ద్రవరూపంలోనే అణువులు మరింత కిక్కిరిసి ఉంటాయి. సాధారణ పీడనం, ఉష్ణోగ్రతల వద్ద వాయువుల విషయానికి వస్తే, అణువుల మధ్య సగటు దూరం వాటి వ్యాసానికి దాదాపు పది రెట్లు ఉంటుంది. తెర మీద అంత ఖాళీ చూపించడం కష్టం. ఈ బొమ్మలో ఏది నిజం, ఏది సౌలభ్యం కోసం చేసిన సర్దుబాటు అని అడిగితే తరగతిలో మంచి చర్చ నడుస్తుంది.

ప్రశ్న: ఒక మోల్ వాయువు ఘనపరిమాణం ఒక వెబ్‌సైట్‌లో 22.4 లీటర్లు అనీ, మరొక దానిలో 22.7 లీటర్లు అనీ ఉంది. మా పుస్తకంలో మొదటిది ఉంది. ఏది తప్పు?

జవాబు: రెండూ సరైనవే. తేడా పీడనంలో ఉంది. ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్, పీడనం 1 అట్మాస్ఫియర్ అయితే ఆదర్శ వాయువు మోలార్ ఘనపరిమాణం 22.41 లీటర్లు. అదే ఉష్ణోగ్రత వద్ద పీడనం 1 బార్ అయితే 22.71 లీటర్లు. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య అయిన ఐయూపీఏసీ 1982లో ప్రమాణ పీడనాన్ని 1 అట్మాస్ఫియర్ నుంచి 1 బార్‌కు మార్చింది. పాత అలవాటు మాత్రం పుస్తకాలలోనూ, అంతర్జాలంలోనూ కొనసాగుతోంది. వాయు స్థిరాంకాన్ని 0.08206 లీటర్ అట్మాస్ఫియర్లుగా ఒకసారి, 0.08314 లీటర్ బార్‌లుగా మరొకసారి తీసుకుని 273.15తో హెచ్చవేసి చూడండి. రెండు సంఖ్యలూ మీ చేతిలోనే పుట్టుకొస్తాయి.

ఇంతటితో వదలకుండా, ఒక పేజీ ఎప్పటిదో పసిగట్టడం కూడా నేర్చుకోండి. మోల్‌ను 12 గ్రాముల కార్బన్-12లోని పరమాణువుల సంఖ్య ఆధారంగా నిర్వచిస్తే అది పాత పేజీ. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. ఆవర్తన పట్టికలో 113, 115, 117, 118 మూలకాలకు తాత్కాలిక నామాలు ఉంటే ఆ పట్టిక 2016 నవంబరు తర్వాత సవరించలేదన్న మాట. నిహోనియం, మాస్కోవియం, టెన్నెసిన్, ఒగనెస్సాన్ అనే పేర్లు అప్పుడే ఖాయమయ్యాయి. నిర్వచనాల విషయంలో సందేహం వస్తే ఐయూపీఏసీ వారి పారిభాషిక పదకోశమైన గోల్డ్ బుక్‌ను చూడండి. పాఠ్యపుస్తకంలా వరుసగా చదువుకోవడానికి రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలు, 2008లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెమ్‌వికీగా మొదలైన లిబ్రెటెక్స్ట్స్ ఉచితంగా లభిస్తాయి.

ప్రశ్న: మా పాఠశాలలో ప్రయోగశాల సదుపాయం చాలా తక్కువ. అంశమాపనాన్ని (టైట్రేషన్‌ను) వర్చువల్ ల్యాబ్‌లో చేయిస్తే సరిపోతుందా?

జవాబు: సగం పని జరుగుతుంది, ఆ సగం విలువైనదే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి కెమ్‌కలెక్టివ్ వర్చువల్ ల్యాబ్‌లో విద్యార్థి తనకు కావలసిన ద్రావణాన్ని ఎంచుకుని, ఎంత పోయాలో తానే నిర్ణయించుకోవచ్చు. గాఢత పది రెట్లు తగ్గిస్తే ఏమవుతుంది, బలమైన ఆమ్లానికి బదులు బలహీన ఆమ్లం తీసుకుంటే పీహెచ్ వక్రం ఎలా మారుతుంది వంటి ప్రశ్నలకు ఒక్క పూటలో ఎన్నో ప్రయత్నాలు చేయవచ్చు. గాజు సామాను పగలదు, రసాయనాలు వృథా కావు, ఒళ్లు కాలే భయం ఉండదు.

కానీ బ్యూరెట్ కొనలో ఇరుక్కున్న గాలి బుడగ, కంటి మట్టం కాస్త పైకో కిందికో ఉన్నందువల్ల తప్పిన రీడింగు, ఒక్క చుక్క ఎక్కువై ముదురు గులాబీ రంగుకు మారిన ద్రావణం తెర మీద ఎదురుకావు. ఫినాఫ్తలీన్ అనే సూచికతో చివరకు వచ్చే లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే చాలని, ఆ తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల వెలిసిపోవచ్చని చేత్తో చేసినవారికే బాగా బోధపడుతుంది. అందుచేత ముందు తెర మీద చేయించి, ఎందుకు చేస్తున్నామో, లెక్క ఎలా కట్టాలో స్థిరపడనివ్వండి. ఆ తర్వాత మీ దగ్గర ఒక్క బ్యూరెట్టే ఉన్నా, విద్యార్థులు వంతులవారీగా కనీసం ఒక రీడింగు తీసేలా చూడండి. అందరి రీడింగులను నల్లబల్ల మీద పక్కపక్కన రాస్తే, అవి ఒకదానితో ఒకటి ఎందుకు కలవలేదన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుంది. వర్చువల్ ల్యాబ్ ఇవ్వలేని పాఠం అక్కడ మొదలవుతుంది.

ప్రశ్న: పబ్‌కెమ్, నిస్ట్ వెబ్‌బుక్ వంటి రసాయన సమాచార నిధులు పరిశోధకులకు మాత్రమే పనికొస్తాయా? డిగ్రీ విద్యార్థి వాటితో ఏం చేయగలడు?

జవాబు: చాలా చేయగలడు. 2004లో మొదలైన పబ్‌కెమ్‌లో ఇప్పుడు పది కోట్లకు పైగా సమ్మేళనాల వివరాలు ఉన్నాయి. నిర్మాణం, అణుభారం, భద్రతా సూచనలు ఒకే పేజీలో దొరుకుతాయి. ద్రవీభవన స్థానం వంటి ధర్మాలకు వేర్వేరు మూలాల నుంచి తెచ్చిన అనేక విలువలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి గనుక, మొదట కనబడినదానిని ఎత్తి రాయకుండా, ఏది ఏ మూలం నుంచి వచ్చిందో చూసుకోండి.

ఒక అభ్యాసం సూచిస్తాను. ఇథనాల్, డైమిథైల్ ఈథర్ రెండింటికీ ఒకటే అణుఫార్ములా, ఒకటే అణుభారం. అయినా మొదటిది 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది, రెండవది గది ఉష్ణోగ్రత వద్దే వాయువు. కారణాన్ని ముందు మీ మాటల్లో రాసుకుని, తర్వాత నిస్ట్ వెబ్‌బుక్‌లో రెండింటి పరారుణ వర్ణపటాలను (పదార్థం ఏ పరారుణ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే రేఖాచిత్రాలను) పక్కపక్కన పెట్టి చూడండి. ఇథనాల్‌లో ఆక్సిజన్-హైడ్రోజన్ బంధానికి సంబంధించిన శిఖరం ఉంటుంది, ఈథర్‌లో ఉండదు. అయితే పుస్తకంలో చదివిన వెడల్పాటి పట్టీకి బదులు, 3,600 సెం.మీ⁻¹ దాటిన చోట సన్నని శిఖరం కనిపించి మీరు తికమకపడవచ్చు. అలాంటప్పుడు వర్ణపటం కింద రాసిన స్థితిని చదవండి. అక్కడి వర్ణపటాలలో చాలా వాటిని వాయుస్థితిలో తీశారు. దూరదూరంగా ఉన్న అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడవు, ఆ బంధాలు లేనిచోట పట్టీ వెడల్పు కాదు. రెండు సమ్మేళనాల మరుగు స్థానాలలో అంత తేడా ఎందుకు వచ్చిందో మీరు రాసుకున్న కారణాన్ని ఇప్పుడు మరోసారి చదివి సరిచూసుకోండి.