అమ్మకు భుజం విరిగింది: ప్లేటా, కీలు మార్పిడా, ఉత్త కట్టేనా?

మీ అమ్మగారికి 71 ఏళ్లని, స్నానాల గదిలో జారిపడి భుజం ఎముక విరిగిందని రాశారు. ఒక డాక్టరు ప్లేటు అన్నారు, ఇంకొకరు కీలు మార్చాలన్నారు, మూడో ఆయన కట్టు చాలన్నారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న. నేను డాక్టరును కాను. మూడేళ్ల క్రితం ఇదే అయోమయంలో పడ్డవాణ్ణి, అంతే.

మా అమ్మ వాకిలి కడుగుతూ జారి ఎడమ చేతి మీద పడింది. అప్పటికి 68 ఏళ్లు. మొదట వెళ్లిన ఆసుపత్రిలో మర్నాడు ఉదయమే ప్లేటు వేస్తామన్నారు. సంతకం పెట్టబోయినవాణ్ణి పెదనాన్న గుర్తొచ్చి ఆగాను. ఆయనకు వేసిన ప్లేటు తాలూకు స్క్రూలు, మెత్తబడ్డ ఎముకను చీల్చుకుని కీలులోకి పొడుచుకొచ్చాయి. వాటిని తీయడానికి మళ్లీ కోత. ఇటు బంధువులేమో పుత్తూరు కట్టు కట్టించమని ఒకటే పోరు.

రెండో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి ఓపికగా చెప్పారు. భుజం దగ్గర చేతి ఎముక పైభాగాన్ని నాలుగు ముక్కలుగా చూస్తారట: బంతి, కండరాలు అతుక్కునే రెండు బుడిపెలు, కింద కాడ. ముక్క సెంటీమీటరు జరిగినా, 45 డిగ్రీలు తిరిగినా చోటు తప్పినట్టే లెక్క. 1970లో నీర్ అనే అమెరికన్ సర్జన్ పెట్టిన కొలత ఇది. 2000 తర్వాత స్క్రూ తల ప్లేటులోనే బిగుసుకునే లాకింగ్ ప్లేట్లు రావడంతో, ముసలి ఎముకనూ పట్టి ఉంచుతాయన్న నమ్మకంతో ఆపరేషన్లు బాగా పెరిగాయి.

ఆ నమ్మకానికి బ్రిటన్‌లో పరీక్ష పెట్టారు. ప్రోఫర్ అనే ఆ అధ్యయనంలో 250 మందిలో సగం మందికి ఆపరేషన్, మిగతా సగానికి చేతిని మెడకు వేలాడదీసే కట్టు మాత్రమే. 2015లో ఫలితాలు వచ్చాయి: రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే కీలు తప్పినవాళ్లనూ, ఆపరేషన్ తప్పదని తేలినవాళ్లనూ అందులో చేర్చలేదు. కాబట్టి ఎవరికీ కోత అక్కర్లేదని దీనికి అర్థం కాదు.

మీ రెండో డాక్టరు అన్నది బహుశా రివర్స్ కీలు మార్పిడి. అందులో బంతిని గూడు (బంతి కూర్చునే గుంట) వైపు, గూడును చేతి వైపు బిగిస్తారు. లోపలి చిన్న కండరాలు పాడైనా భుజం మీది పెద్ద కండరమే చేతిని లేపుతుంది. 1980లలో ఫ్రాన్స్‌లో గ్రామోంట్ రూపొందించిన పద్ధతి ఇది. నార్వేలో 65 నుంచి 85 ఏళ్ల మధ్యవారిలో, ఎముక బాగా చెదిరిన కేసుల్లో దీన్ని ప్లేటుతో పోల్చితే రెండేళ్లకు ఇదే మెరుగని తేలింది. గమనించండి, పోలిక ప్లేటుతో, కట్టుతో కాదు.

అమ్మకు కట్టే కట్టారు. ఆపరేషన్ తప్పింది గాని కష్టం తప్పలేదు. కమిలిన నీలం మోచేతి దాకా దిగితే హడలిపోయాం, అది మామూలేనట. నెలకు పైగా దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్ర. మూడో వారం నుంచి ముందుకు వంగి చేతిని వేలాడదీసి, పిండి రుబ్బినట్టు చిన్న సున్నాలు చుట్టడం. తర్వాత వేళ్లతో గోడ ఎక్కించడం. ఎక్కడిదాకా అందిందో ఆవిడే పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేసేది. నాలుగు నెలలకు తన జడ తానే వేసుకుంది. పై అటక మాత్రం ఇప్పటికీ అందదు.

మీరు అడగాల్సినవి: బంతి చీలిందా, కీలు తప్పిందా, సీటీ స్కాన్ అవసరమా? ప్లేటు అంటున్న డాక్టరును, ఈ ఎముక స్క్రూలను పట్టి ఉంచుతుందా అని సూటిగా అడగండి. భుజం బయటివైపు తిమ్మిరిగా ఉన్నా, చెయ్యి చల్లబడినా, వేళ్లు ఆడకపోయినా చర్చలన్నీ ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ దారి పట్టినా ఎముక సాంద్రత పరీక్ష చేయించండి. మాకు ఆ మాట మొదటి ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు.

పడి ఎన్ని రోజులైందో మీరు రాయలేదు. వారాలు గడిచేకొద్దీ ముక్కలు ఉన్నచోటే అతుక్కోవడం మొదలై, ఆపరేషన్ కష్టమవుతుంది. ఇంకో అభిప్రాయం కావాలంటే తీసుకోండి, కానీ ఈ వారంలోనే.