స్టెయిన్‌లెస్ బోరింగ్‌లో చిప్స్ తీగల్లా చుట్టుకుంటుంటే ఏం చేయాలి?

రాయగడలో పేపర్ మిల్లు పంపులకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్‌లు చేస్తుంటే, 40 మి.మీ. బోరులో (లోపలి రంధ్రంలో) చిప్స్, అంటే కోతలో వచ్చే లోహపు పొట్టు, తెగకుండా టూల్‌ను పట్టే బోరింగ్ బార్‌కు చుట్టుకుంటున్నాయని అడిగారు. ఫీడ్ (ఒక్కో చుట్టుకు టూల్ జరిగే దూరం) 0.06 మి.మీ., డెప్త్ (కోత లోతు) 0.2 మి.మీ. పెట్టామన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. 304 బాగా సాగే లోహం. చిప్ అంత పల్చగా వస్తే ఇన్సర్ట్ (కోసే బిళ్ల) మీద చిప్‌ను తెంచడానికి ఉండే చిప్‌బ్రేకర్ గాడిలో గట్టిగా వంగదు, తీగలా జారిపోతుంది.

ముందు ఫీడ్ పెంచండి. రఫింగ్‌కు (మొదటి ముతక కోతకు) 0.18, సైడుకు 1 మి.మీ. డెప్త్. ఫినిషింగ్‌కు (చివరి నునుపు కోతకు) 0.12, డెప్త్ మాత్రం నోస్ రేడియస్ (ఇన్సర్ట్ మొన గుండ్రదనం) కంటే, అంటే 0.4 మి.మీ. కంటే, తగ్గనివ్వకండి. ఇన్సర్ట్ స్టెయిన్‌లెస్ చిప్‌బ్రేకర్ ఉన్న సీసీఎంటీ 09టీ304 కోడ్‌ది అయితే మంచిది. నిమిషానికి 120 మీటర్ల స్పీడు, అంటే ఈ బోరుకు దాదాపు 950 ఆర్‌పీఎం. కూలెంట్ బార్ లోపలి నుంచి సరిగ్గా టిప్ మీద పడాలి.

అప్పటికీ తెగకపోతే ప్రోగ్రాంలోనే తెంచండి: రఫింగ్‌లో ప్రతి 5 మి.మీ.కు టూల్‌ను 0.3 మి.మీ. వెనక్కి లాగి మళ్లీ ముందుకు పంపండి. జీ04తో (టూల్‌ను కాసేపు ఆపే కమాండ్‌తో) ఉన్నచోటే ఆపొద్దు. టిప్ రుద్దుకుని ఆ చోటు గట్టిపడుతుంది, తర్వాతి పాసులో ఇన్సర్ట్ అంచు అక్కడే పెచ్చు లేస్తుంది. ఫినిషింగ్‌లో ఈ పద్ధతి వద్దు, బోరులో గీతలు పడతాయి.

చుట్టుకున్న చిప్‌ను స్పిండిల్ పూర్తిగా ఆగాకే కొక్కెంతో లాగండి. గ్లవ్స్ ఉన్నా చెయ్యి పెట్టకండి.